చల్లారని ఇంజను

కథ అనగానే చెవులు నిక్కబొడుచుకుంటావు, బుద్ధి అనగానే ఆవులిస్తావు. నీకు మంచి చెప్పడమూ గోడకి చెప్పడమూ ఒకటే. అయినా చెబుతాను. చేసిన తప్పు ఎవరూ చూడలేదని కాళ్ళు బారజాపుకుని పడుకునే రకానివి నువ్వు. నోరు తెరిచి ‘నేనే చేశాను’ అనడానికి ఎంతసేపు పడుతుంది? గ్లాసుడు మంచినీళ్ళు తాగినంతసేపు. ఆ కాస్తసేపు నోరు తెరవలేక చేతిలో పని పోగొట్టుకున్నవాడి సంగతి ఇది. కదలకుండా కూర్చుని విను. వాడూ నీలాగే ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషి.

అతన్ని అందరూ చెవిమేస్త్రి అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ ముక్క ఏం గొణుగుతోందో చెప్పేస్తాడు. పాతకాలపు కార్లు బాగుచేసే షెడ్డులో పని. వీధి చివర రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడ నిండా మేకులకి వేలాడే పానాలు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే పెయింటరు నేల ఊడుస్తాడు. వెల్డరు టీ తెస్తాడు. కరెంటాయన తన కటింగ్ ప్లేయరు ఎవరో ఎత్తుకుపోయారని అందరినీ తిట్టి, తర్వాత దాన్ని తన వెనక జేబులోంచే తీసుకుంటాడు. షెడ్డు యజమానురాలు ఒక పాత టైరు మీద దిండు వేసుకుని కూర్చుని టీ తాగుతూ ఆ రోజు పనులు పంచుతుంది. ఆమెని షెడ్డమ్మ అంటారు. భర్త పోయినప్పటి నుంచీ షెడ్డు నడిపేది ఆవిడే.

ఆ షెడ్డులో ట్యాపెట్లు సెట్ చేసేవాడే పెద్దమేస్త్రి. అది మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఎందుకో నీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఇంజనులోకి గాలిని రానివ్వడానికి, పొగని పోనివ్వడానికి వాల్వులు ఉంటాయి. వాల్వు తలకీ, దాన్ని నొక్కే మీటకీ మధ్య వెంట్రుకంత సందు వదలాలి. సందు ఎక్కువైతే టకటకమని చప్పుడు. తక్కువైతే చప్పుడు ఉండదు గానీ వాల్వు గట్టిగా మూసుకోదు, మంట దాని అంచుని కొరుక్కుతినేస్తుంది. ఆ సందు సరిచేయడాన్నే ట్యాపెట్లు సెట్ చేయడం అంటారు. దాన్ని పల్చటి ఉక్కురేకుల గేజితో చూస్తారు. అదీ ఇంజను పూర్తిగా చల్లారాకే చూడాలి. వేడికి లోహం సాగి, సందు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. వెచ్చగా ఉన్న ఇంజను అబద్ధం చెబుతుంది.

షెడ్డమ్మ భర్తని పెద్దాయన అనేవాళ్ళు. “చప్పుడు చేసే వాల్వు బతుకుతుంది, నోరుమూసుకున్న వాల్వు మాడుతుంది” అని ఆయన రోజుకోసారైనా అనేవాడు. ఆయన గేజి ఇప్పుడు షెడ్డమ్మ తాళాలగుత్తికి వేలాడుతోంది. ఆయన సొంత కారు ఒకటుంది. ఇద్దరు మాత్రమే కూర్చునే పసుపు కారు, పైన కప్పు లేదు, ముందు ముక్కు పొడుగు. పందేల్లో పరిగెత్తిన కాలం నాటిది. దానికి ఒక గుణం ఉంది. తన ఇంజను మీద చెయ్యి వేసినవాళ్ళలో ఎవరైనా దాని గురించి ఏదైనా దాచిపెడితే, ఆ ఇంజను చల్లారదు. కొన్ని బళ్ళు చలికాలం స్టార్టు కావు, కొన్ని ఎడమపక్కకి లాగుతాయి, ఇది చల్లారదు. అంతే. అందుకే దాని ట్యాపెట్లు సెట్ చేసే ముందు పనివాళ్ళందరూ చుట్టూ నిలబడి, ఎవరి కడుపులో ఏముంటే అది కక్కేస్తారు. అప్పుడది చల్లబడుతుంది. పని సాగుతుంది.

ఇక జరిగిన తప్పు.

కొన్నేళ్ళ కిందట ఊళ్ళో పాతకార్ల ప్రదర్శన పెట్టారు. అప్పటికే చెవిమేస్త్రి అంటే పేరు. “అతను చెయ్యి పెడితే ఇంజను కుట్టుమిషనులా తిరుగుతుంది” అని జనం అంటుంటే అతనికి ఒళ్ళు పులకరించేది. ప్రదర్శనకి ముందు సాయంత్రం షెడ్డులో ఎవరూ లేరు. పసుపు కారు ఇంజనులో పెద్దాయన సరిగ్గా సెట్ చేసిపెట్టిన సందుల్ని అతను ఒక్కొక్కటీ ఇంకాస్త బిగించాడు. చప్పుడు పోయింది. మర్నాడు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంజను తిరుగుతోందా లేదా అని వంగి మరీ చూశారు. బహుమతి కప్పు వచ్చింది. పెద్దాయన దాన్ని తెచ్చి చెవిమేస్త్రి చేతుల్లోనే పెట్టాడు.

గెలిచిన సంబరంలో దాన్ని రోజూ తిప్పుతూనే ఉన్నారు, చల్లారిందో లేదో ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు. కొద్దివారాలకి కొండదారిలో నాలుగో సిలిండరు పొగవాల్వు మాడి, విరిగి, లోపల పడి, పిస్టనుని పొడిచేసింది. ఇంజను ముక్కలైంది. పెద్దాయన కొండ మీంచి నడిచి వచ్చాడు. షెడ్డులో నిలబడి, “ఏమైంది?” అని అడిగాడు.

ఆ వాల్వుల్ని అరగదీసి, కూర్చి, బిగించింది చెవిమేస్త్రి తోడల్లుడు. అంటే అతని భార్య అక్క భర్త. ఇద్దరూ ఒకే బెంచీ మీద పనిచేసేవాళ్ళు.

“సందు మీరు పెట్టిందే కదా, సరిగ్గానే ఉంది” అన్నాడు చెవిమేస్త్రి. “వాల్వు సంగతి అన్నయ్యనే అడగాలి.”

తోడల్లుడు అతని మొహం వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. పెద్దాయన ఇంకేమీ అడగలేదు. ముక్కలైన ఇంజనుకి వేడీ లేదు, చలీ లేదు, అది సాక్ష్యం చెప్పదు. తోడల్లుడు తన పానాలు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయి, బస్సుల గ్యారేజీలో బస్సులు కడిగే పనిలో చేరాడు. పెద్దాయన ఆ ఇంజను మళ్ళీ వినకుండానే పోయాడు. అక్కచెల్లెళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. చెవిమేస్త్రి మాత్రం కడుపులో చల్ల కదలకుండా ఉన్నాడు.

అలా ఉన్నానని అనుకున్నాడు.

ఈ ఏడాది షెడ్డమ్మ ఆ కారు మీద కప్పిన పట్టా తీయించింది. కొత్త పిస్టన్లు, కొత్త వాల్వులు వచ్చాయి. పెయింటరు మళ్ళీ పసుపు వేశాడు. అందరూ కలిసి కూర్చాక ఒక పొద్దున్న ఆమె టైరు మీంచి లేచి చెప్పింది.

“నాకు మోకాళ్ళు అరిగాయి. ఇక షెడ్డు చూసుకోవడానికి ఒకరు కావాలి. ఈ బండి ట్యాపెట్లు ఎవరు సెట్ చేస్తే ఈ గేజి వాళ్ళది, షెడ్డు పెద్దరికం వాళ్ళది. నేను ఒక్కసారి కొండ దాకా దీన్ని నడుపుకుని వస్తాను. ఆయన సగంలో వదిలేసిన దారి అది.”

ఇంకెవరు సెట్ చేస్తారు? చెవిమేస్త్రే. పెయింటరు అప్పుడే “పెద్దమేస్త్రిగారూ” అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు కోసం అతను ఎన్నేళ్ళుగా చెవి ఒగ్గి ఉన్నాడో.

ఇంజను స్టార్టు చేసి, బాగా వేడెక్కనిచ్చి, ఆపేశారు. పైన మూత విప్పి నట్లన్నీ మళ్ళీ బిగించారు. మర్నాటికి చల్లారుతుంది, అప్పుడు ట్యాపెట్లు. మర్నాడు పొద్దున్నే షెడ్డమ్మ ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూసింది.

“జ్వరం వచ్చిన ఒంటిలా ఉంది” అంది.

“నిన్న ఎక్కువసేపు తిరిగింది కదమ్మా” అన్నాడు చెవిమేస్త్రి.

“తిరగడం కాదు” అన్నాడు కరెంటాయన. “ఎవరి కడుపులోనో ఏదో ఉంది.”

“సరే, చెప్పేయండి” అంది షెడ్డమ్మ, చేతులు కడుక్కోమన్నంత మామూలుగా.

పెయింటరు ముందుకొచ్చాడు. “డ్రైవరు వైపు తలుపు మీద గీత నాదేనమ్మా. నా బెల్టు గీసుకుంది. పాలిష్ పెట్టి కప్పేశాను.”

“ఏ గీత? నాకు కనపళ్ళేదే.”

“కప్పేశానన్నాను కదమ్మా. కనపడితే నా పనితనం ఏముంది?”

ఇంజను లోపల ఎక్కడో టిక్కుమంది. చల్లబడేటప్పుడు లోహం చేసే చప్పుడు అది. వెల్డరు గొంతు సవరించుకున్నాడు.

“మీరు భోజనానికి వెళ్ళినప్పుడు సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పానమ్మా. నోటితో బుర్రుమన్నాను కూడా.”

“అది దాపరికం ఎలా అవుతుందిరా?” అన్నాడు కరెంటాయన. “వీధంతా విన్నాం. మలుపు దగ్గర గేరు మార్చావు కూడా.” తర్వాత తన వంతు వచ్చేసరికి అతని గొంతు తగ్గింది. “మీటర్ల వెనకాల ఒక వైరు పాతదే ఉంచేశాను. కొత్తది ఉంది. వంగడానికి నడుం సహకరించలేదు.”

“ఇవాళ వంగు” అంది షెడ్డమ్మ.

టిక్కు, టిక్కు. పెయింటరు చెయ్యి పెట్టి, “దిగింది, ఇప్పుడు టీ గ్లాసంత వేడే ఉంది” అన్నాడు. కానీ అక్కడితో ఆగింది. ఇక మిగిలింది చెవిమేస్త్రి. ఎవరూ అతన్ని నిలదీయలేదు. వంతు ప్రకారం అతని వైపు తిరిగారు, అంతే.

“నాదేముంది?” అన్నాడతను. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు. “ఆఁ, ఒకటుంది. వాషరు ఒకటి జారి ఇంజనులో పడితే అయస్కాంతంతో తీశాను. ఎవరికీ చెప్పలేదు.”

ఏ వాషరూ పడలేదు. చూశావా, తప్పుని కప్పడానికి ఇంకో తప్పు ఒప్పుకునే తెలివి. వెల్డరు ఇంజను మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకుని వేళ్ళు ఊదుకున్నాడు.

“పెరిగింది.”

“అయితే వాషరు కాదన్నమాట” అంది షెడ్డమ్మ. అని ఇంకో కారు చూడ్డానికి వెళ్ళిపోయింది.

ఆ పూటంతా చెవిమేస్త్రికి కాలు ఒకచోట నిలవలేదు. ఇంజను ముందు రెండు ఫ్యాన్లు పెట్టాడు. తడి గోనెలు కప్పాడు. గోనెలు ఆరిపోయాయి. రేడియేటరులో నీళ్ళు తీసేసి చన్నీళ్ళు పోశాడు. కాసేపటికి అవీ వెచ్చబడ్డాయి. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు. వేరే కారు కింద దూరాడు, ఎందుకు దూరాడో మర్చిపోయి బయటికి వచ్చాడు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని పసుపు కారు ఇంజను విన్నాడు. ఆగిన ఇంజనులో ఏం వినపడుతుంది? తన గుండె చప్పుడే వినపడింది.

ఇంటికి వెళ్ళాడు. అక్కడా అదే తీరు. వంటింటి గుమ్మం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి గుమ్మం దాకా. భార్య కూరలు తరుగుతోంది. కూతురు నేల మీద బోర్లా పడుకుని బడిలో ఇచ్చిన లెక్కలు చేసుకుంటోంది.

“కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?” అంది భార్య. “కూర్చోండి. మిమ్మల్ని చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి.”

“ఇంజను చల్లారడం లేదు.”

“ఎవరేం దాచారో.”

“నాకేం తెలుసు? నన్నడుగుతావేం?”

“మిమ్మల్ని ఎవరన్నారు?” ఆమె కత్తి ఆపి చూసింది. “గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.”

అతను కూర్చున్నాడు. లేచాడు. ఆమె మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

“అక్కని చూసి ఎన్నాళ్ళయిందో” అంది. “మీరు కోప్పడ్డా సరే, బావ ఆ పని చేశాడంటే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరదు. ఒక్క వాల్వు అరగదీయడానికి పూటంతా కూర్చునే మనిషి.”

“మనుషులన్నాక పొరపాటు పడతారు.”

“పడతారు. పడ్డవాళ్ళు లేచి దుమ్ము దులుపుకుంటారు. బావ పడ్డట్టే లేడు, ఎవరో తోసినట్టున్నాడు.”

అతని నోరు తెరుచుకుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కూతురు తలెత్తి, “ఏంటి నాన్నా?” అంది.

“మంచినీళ్ళివ్వు” అన్నాడు భార్యతో.

ఆమె ఇచ్చింది. అతను తాగాడు. ఆ గ్లాసుతో పాటే మాట కూడా కిందికి దిగిపోయింది.

మర్నాడు షెడ్డులో ఇంజను అలాగే ఉంది. పనివాళ్ళు దాని పక్కనుంచి వెళ్తూ తడిచేతులు ఆరబెట్టుకుంటున్నారు. అప్పుడు చెవిమేస్త్రికి ఒక ఉపాయం తట్టింది. చెడ్డవాడికి తట్టే ఉపాయం ఎప్పుడూ ఇంకొకడి వీపు వెతుక్కుంటుంది.

“అమ్మా, ఈ ఇంజను మీద చెయ్యి వేసినవాడు ఇంకొకడున్నాడు కదా” అన్నాడు. “దాపరికం ఉంటే అక్కడే ఉంటుంది.”

షెడ్డమ్మ టీ గ్లాసు కింద పెట్టి అతన్ని తేరిపార చూసింది. “నాకూ అదే అనిపించింది. పిలుచుకు రా.”

“నేనా?”

“నీ తోడల్లుడే కదా. నువ్వు కాక ఎవరు వెళ్తారు?”

బస్సుల గ్యారేజీలో తోడల్లుడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గొట్టంతో బస్సు చక్రాలు కడుగుతున్నాడు. జుట్టు నెరిసింది. అతన్ని చూసి గొట్టం పక్కకి తిప్పాడు.

“రా తమ్ముడూ. అటు నిలబడు, బూట్లు తడుస్తాయి.”

“ఆ కారు మళ్ళీ లేచింది అన్నయ్యా.”

“విన్నాను.”

“చల్లారడం లేదు. అమ్మ నిన్ను రమ్మంది.”

తోడల్లుడు నీళ్ళు కట్టేశాడు. చేతులు తుడుచుకుంటూ, “మరదలు బావుందా? పాప చదువుకుంటోందా?” అని అడిగాడు. రెంటికీ జవాబు విని, “పద” అన్నాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. తిట్టి ఉంటే చెవిమేస్త్రికి కాస్త ఊపిరాడేది.

స్కూటరు మీద వస్తున్నంతసేపూ చెవిమేస్త్రి వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు. “నీ మనసులో ఏదైనా ఉంటే చెప్పెయ్ అన్నయ్యా. అమ్మ ఏమీ అనదు. పాత సంగతులు కదా.”

“ఉంది. చెబుతాను.”

స్కూటరు అటూ ఇటూ ఊగింది.

“గుంతేమైనా ఉందా?” అన్నాడు తోడల్లుడు.

“లేదు.”

“మరి బాగున్న రోడ్డు మీద ఊగిందేం?”

షెడ్డులో పెయింటరు, వెల్డరు, కరెంటాయన పని ఆపి కారు చుట్టూ చేరారు. తోడల్లుడు షెడ్డమ్మకి నమస్కారం పెట్టి, ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. కాలుతున్నా తీయలేదు.

“నేను దాచింది ఒకటుందమ్మా” అన్నాడు. “ప్రదర్శనకి ముందు సాయంత్రం చేతిగుడ్డ మర్చిపోయి వెనక్కి వచ్చాను. ఈ ఇంజను సందులు బిగించడం చూశాను. చూసి ఎవరికీ చెప్పలేదు. పెద్దాయన అడిగినప్పుడు కూడా నోరు విప్పలేదు.”

“ఎవరు బిగించారు?” అన్నాడు కరెంటాయన.

“నేను దాచింది, చూశానన్న సంగతి. అది చెప్పేశాను. బిగించినవాళ్ళ దాపరికం వాళ్ళది. అది నేనెలా చెబుతాను?”

“అప్పుడెందుకు చెప్పలేదు?” అని అడిగింది షెడ్డమ్మ.

“మా మరదలు నిండునెలల మనిషి. ఆ ఇంట్లో పొయ్యి ఆరకూడదనుకున్నాను. నాది తప్పే. పెద్దాయనకి నిజం దక్కకుండా పోయింది.”

ఇంజను టిక్కుమంది. మళ్ళీ టిక్కు, టిక్కు, వానచినుకులు ఆగి ఆగి రేకు మీద పడినట్టు. వేడి ముందువైపు నుంచి వెనక్కి దిగుతూ పోయింది. మొదటి సిలిండరు చల్లబడింది. రెండోది, మూడోది. వెల్డరు వేలితో తాకుతూ వెంట వెళ్ళాడు. నాలుగో సిలిండరు పొగవాల్వు దగ్గర ఆగి వేలు వెనక్కి తీసుకున్నాడు. అక్కడొక్కచోట నిప్పుకణికలా ఉంది. తక్కిన ఇంజనంతా రాయిలా చల్లన.

ఒక్కరు కూడా చెవిమేస్త్రి వైపు చూడలేదు. అందరూ నేలకేసి, కప్పుకేసి, తమ గోళ్ళకేసి చూస్తున్నారు. అంటే వాళ్ళందరికీ తెలిసిపోయింది. అతను చెబుతాడని ఎదురుచూస్తున్నారు.

షెడ్డమ్మ తాళాలగుత్తి నుంచి గేజి విప్పి కారు మడ్‌గార్డు మీద పెట్టింది.

“చెయ్యి పెట్టి చూడు” అంది చెవిమేస్త్రితో. గొంతులో కోపం లేదు. “చల్లారితే పని మొదలుపెట్టు. చల్లారలేదంటే చల్లారలేదని చెప్పు. అప్పుడేం చెయ్యాలో మనం మాట్లాడుకుందాం.”

ఇంతకంటే పెద్ద తలుపు ఎవరు తెరుస్తారు? ఒక్క మాటకి దారి ఇచ్చింది. అతను వంగి నాలుగో సిలిండరు పొగవాల్వు మీద రెండు వేళ్ళు ఆనించాడు. కాలింది. పెద్దమేస్త్రి అన్న పిలుపు, గోడ మీది పానాలు, టైరు మీది దిండు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. పక్కన తోడల్లుడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, అతని తరఫున.

“చల్లారింది” అన్నాడు చెవిమేస్త్రి.

గేజి అందుకున్నాడు. పని తెలిసినవాడు, కాదనను. ఇంజనుని కొద్దికొద్దిగా తిప్పుతూ, ఏ వాల్వు పూర్తిగా మూసుకుంటే దాని దగ్గర రేకు దూర్చి, స్క్రూ తిప్పి, బరువైన పుస్తకం కిందనుంచి కాగితం లాగినట్టు రేకు పట్టి పట్టి కదిలేదాకా చూసి, నట్టు బిగించాడు. వరసగా చేసుకుంటూ పోయాడు. ఎక్కడా చెయ్యి తడబడలేదు. చివరిది వచ్చింది. ఇనుము కాలుతోంది. పళ్ళు బిగబట్టి, వేడి వల్ల సాగి ఉన్న ఆ సందునే కొలిచి, స్క్రూ దించి, నట్టు బిగించాడు. బిగిసిన క్షణంలో వేడి నట్టులోంచి పానాలోకి, పానాలోంచి అతని వేళ్ళలోకి, అరచేతుల్లోకి వచ్చేసింది. ఒకరి చేతిలోంచి ఇంకొకరు పనిముట్టు అందుకున్నంత సులువుగా. వాల్వు చల్లబడింది. చెవిమేస్త్రికి హాయిగా అనిపించింది. గండం గడిచిందనుకున్నాడు.

“ఒకరు సెట్ చేసింది ఇంకొకరు చూడాలి” అంది షెడ్డమ్మ. “షెడ్డు పద్ధతి.” తోడల్లుడి వైపు తల ఊపింది.

తోడల్లుడు ఒక్కొక్క వాల్వు దగ్గరా రేకు దూర్చి, “బావుంది” అంటూ వెళ్ళాడు. పొగడ్త కాదు, ఉన్నమాట. చివరిదాని దగ్గర ఆగాడు. రేకు దూరలేదు. అంతకంటే పల్చటిది తీశాడు. అదీ దూరలేదు.

“ఇక్కడ సందే లేదు తమ్ముడూ.”

“అది వేడి మీద...” అని చెవిమేస్త్రి ఆగిపోయాడు. వేడి లేదని చెప్పింది తనే.

“ఏదీ, ఇంకోసారి నువ్వే చూడు” అని తోడల్లుడు గేజి అందించాడు. అప్పుడు కూడా అవకాశం ఇచ్చాడు.

చెవిమేస్త్రి గేజి పట్టుకున్నాడు. చూస్తుండగానే రేకు నీలంగా కమిలింది. చివరి వాల్వులో దూరలేదు సరే. దాని పక్కదాంట్లో పెట్టాడు, ఇందాక తను సెట్ చేసిందే, అందులోనూ దూరలేదు. మొదటిదాని దగ్గరికి వెళ్ళాడు. అక్కడా అంతే. చేతిలోకి తీసుకున్న రేకు తీసుకున్నట్టే లావెక్కిపోతోంది. పల్చటివన్నీ ఒక్కొక్కటే తీసి చూశాడు. అతని వేళ్ళు తగిలాక ఏ రేకూ పల్చగా మిగల్లేదు. కారు ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాడు.

“ఇక చాలు” అంది షెడ్డమ్మ.

తోడల్లుడు చేతిగుడ్డ అడ్డుపెట్టి గేజి తీసుకున్నాడు. అది చల్లారేదాకా గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. తర్వాత చివరి వాల్వు నట్టు వదులు చేసి, సందు సరిచేసి, మూత బిగించాడు. ఇంజను స్టార్టు అయింది. సన్నగా, తీరుగా టకటకలాడింది. కుట్టుమిషనులా లేదు. ఎవరో లోపల కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుంది.

“ఈ చప్పుడు వినకుండానే పోయాడాయన” అంది షెడ్డమ్మ. స్టీరింగు ముందు కూర్చుని, తోడల్లుడిని పక్క సీట్లోకి రమ్మంది. “గేజి నీ దగ్గరే ఉంచు.” కారు వీధి మలుపు తిరిగి కొండవైపు వెళ్ళిపోయింది. పెయింటరు చీపురు అందుకున్నాడు. వెల్డరు టీకి వెళ్ళాడు. “నా కటింగ్ ప్లేయరు ఎవరు తీశారు?” అని కరెంటాయన అరిచాడు.

షెడ్డమ్మ చెవిమేస్త్రిని పొమ్మనలేదు. ఇప్పుడతను షెడ్డు గుమ్మం పక్కన పంక్చర్ల బల్ల దగ్గర పనిచేస్తాడు. ట్యూబు గీకి, బంక రాసి, అతుకు పెట్టి, దాని మీద అరచెయ్యి అదిమి కాసేపు ఉంచుతాడు. అతుకు ఉడికి పట్టేస్తుంది. వేడిపెట్టె అక్కర్లేదు. అతుకు గట్టిగా ఉంటుందని దూరం నుంచి కూడా ట్యూబులు తెస్తారు. ఇంజను జోలికి మాత్రం వెళ్ళడు. ఏ కొలత పనిముట్టూ అతని చేతిలో కొలతకి నిలవదు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుంటే చెవి కాలుతుంది. అక్కచెల్లెళ్ళకి మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి. భార్య అతనికి గిన్నె అందించేటప్పుడు గుడ్డతో పట్టుకుని అందిస్తుంది, ఏమీ అడగదు.

చెప్పేస్తే చేతులు చల్లారతాయని షెడ్డులో అందరికీ తెలుసు. అతనికీ తెలుసు. పొద్దున్నే పెద్దమేస్త్రి లోపలికి వెళ్తూ బల్ల దగ్గర ఆగి, “ఏం తమ్ముడూ?” అంటాడు. అని వెంటనే వెళ్ళిపోడు, కొద్దిగా నిలబడతాడు.

“ఏముంది అన్నయ్యా” అంటాడు చెవిమేస్త్రి, ఇంకో ట్యూబు అందుకుంటూ.

సాయంత్రాలు బడి నుంచి కూతుర్ని ఇంటికి తీసుకొచ్చేది అతనే. మొదట్లో ఒకసారి ఆ పిల్ల అలవాటుగా అతని చెయ్యి పట్టుకుని, “కాలుతోంది నాన్నా” అని వదిలేసింది. ఇప్పుడు అలవాటు మార్చుకుంది. బస్సులూ లారీలూ వచ్చిపోయే ఆ రోడ్డు దాటేటప్పుడు అతని చెయ్యి పట్టుకోదు, చొక్కా అంచు పట్టుకుంటుంది.